పక్క తాడు

స్ట్రెచరు రెండోసారి కూడా మెట్ల మలుపు దగ్గరే ఇరుక్కుంది.

ఇరుక్కోక ఏం చేస్తుంది? ఆ మెట్లు కట్టిన మహానుభావుడు మనుషుల్ని మనసులో పెట్టుకుని కట్టలేదు. పిల్లి అయితే దర్జాగా దిగుతుంది. మనిషి మాత్రం ఒళ్ళు పక్కకి తిప్పుకుని, ఒక చెయ్యి గోడకి ఆనించి, అడుగు చూసుకుంటూ దిగాలి. కాలవ గట్టు మీద ఇళ్ళన్నీ ఇదే బాపతు. సన్నగా, పొడుగ్గా, పక్కింటి భుజం మీద వాలి నిలబడతాయి. మంచమైనా బీరువా అయినా కిటికీలోంచే లోపలికి వెళ్ళాలి, కిటికీలోంచే బయటికి రావాలి.

అంబులెన్సు మనుషులిద్దరూ చెమటలు కక్కుకుంటూ అత్తయ్యని మళ్ళీ పైకే మోసుకొచ్చారు. వెనకే దుప్పటి పట్టుకుని పెద్దకోడలు వచ్చింది. ఆవిడ వెనక పెద్దకొడుకు. కింద వాళ్ళ గుండీల కొట్టు తలుపులు బార్లా తీసి ఉన్నాయన్న సంగతి ఇద్దరికీ గుర్తులేదు.

పొద్దున్న పై గదిలో కిటికీ తలుపు తీయబోయి జారి పడింది అత్తయ్య. తుంటి విరిగింది. ఇప్పుడు అంబులెన్సుతో వచ్చిన డాక్టరమ్మ ఆవిడ పాదం పట్టుకుని చూసి, పెద్దకోడల్ని గోడ పక్కకి పిలిచింది.

"పాదం చల్లబడుతోందమ్మా. రక్తం అందడం లేదు. సాయంత్రం లోపల ఆపరేషను బల్ల మీద ఉండాలి. లేకపోతే కాలు దక్కదు. ఆ తర్వాత మనిషి సంగతి కూడా నేను చెప్పలేను."

పెద్దకోడలు ఫోను అందుకుంది. ఫైర్ స్టేషనుకి ఫోన్ చేస్తే వాళ్ళ నిచ్చెన బండి బరువుకి పాత వంతెన ఆగదన్నారు. క్రేన్ పడవ రేపటికి గానీ రాదన్నారు. ఇంటికి లిఫ్టు పెట్టుకుంటామని ఎన్నిసార్లు అడిగినా పురావస్తు కార్యాలయం వాళ్ళు ఒప్పుకోలేదు. ఇది చారిత్రక కట్టడమట. గుమ్మం పక్కన ఇత్తడి పలక కొట్టి వెళ్ళారు. పైకప్పు కారినప్పుడు చరిత్ర కింద బకెట్టు పెట్టుకునేది మాత్రం పెద్దకోడలే.

అప్పుడే డాక్టరమ్మ కళ్ళు గది వెనక భాగంలో ఉన్న చక్రం మీద పడ్డాయి.

మనిషి ఎత్తు చెక్క చక్రం అది. దానికి చుట్టిన తాడు గది కప్పు కిందుగా సాగి, కిటికీ పైన బయటికి పొడుచుకొచ్చిన దూలానికి వేలాడే కప్పీలోంచి వీధిలోకి దిగుతుంది. వీధిలో ప్రతి ఇంటికీ దూలం ఉంది. చక్రం మిగిలింది ఈ ఒక్క ఇంటికే. మిగతావాళ్ళు చక్రాలు పీకేసి ఆ గదుల్ని టూరిస్టులకి అద్దెకిచ్చుకున్నారు, దూలాలకి రంగు దీపాలు కట్టుకున్నారు. అత్తయ్య మాత్రం భర్త పోయాక తన మంచం తెచ్చి ఈ చక్రం పక్కనే వేయించుకుంది.

"ఇది పనిచేస్తుందా?" అంది డాక్టరమ్మ.

పనిచేస్తుంది. అత్తయ్య నెల తప్పకుండా దానికి నూనె పెట్టించేది, తాడు మార్పించేది. దిష్టిబొమ్మలా ఉన్న ఆ చక్రానికి అంత సేవ ఎందుకని పెద్దకోడలు ఎన్నోసార్లు గొణుక్కుంది కూడా. ఇప్పుడు ఆ గొణుగుడంతా వెనక్కి మింగేసుకుంది.

పనిచేయనిదల్లా మనుషుల మధ్య మాటే.

"నేను దింపుతాను," అన్నాడు పెద్దకొడుకు, చక్రం వైపు నడుస్తూ.

మంచం మీంచి అత్తయ్య కళ్ళు తెరిచింది. నొప్పికి పెదాలు బిగించుకున్నా గొంతులో ఏ తేడా రాలేదు.

"నువ్వు కింద పక్క తాడు పట్టు. చక్రం దగ్గర చిన్నోడు ఉండాలి. వాణ్ణి పిలిపించండి."

పెద్దకొడుకు కాలు అక్కడే ఆగిపోయింది. పిలుస్తానూ అనలేదు, వద్దూ అనలేదు. కిటికీ బయటికి చూస్తూ నిలబడ్డాడు. ఆయన మౌనం అంటే ఏమిటో ఇన్నేళ్ళ కాపురంలో పెద్దకోడలికి బాగా తెలుసు. మీరే ఏదో ఒకటి చేసుకోండి, రేపు నన్ను మాత్రం ఏమీ అనకండి అని దానర్థం.

ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్ళి, కాలవ అవతలి గట్టు మీద ఆకుపచ్చ తలుపుల ఇంటి వైపు చూసి, గొంతెత్తి మరిదిని పిలిచింది.

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఒకప్పుడు ఈ వీధిలో అరవనిదే పని జరిగేది కాదు. తను కొత్తగా కాపురానికొచ్చినప్పుడు ఇదేం వీధిరా దేవుడా, పొద్దస్తమానం ఈ కేకలేమిటి అని చెవులు మూసుకునేది. కూరగాయల పడవలు కిటికీల కింద ఆగేవి. ఆడవాళ్ళు పై అంతస్తుల్లోంచి తాళ్ళకి బుట్టలు కట్టి దింపేవారు. వంకాయలు పుచ్చులున్నాయని మూడో అంతస్తులోంచి ఒకావిడ తిడితే, కళ్ళజోడు మార్చుకోమని పడవవాడు కిందనుంచి తిట్టేవాడు. రెండు గట్ల మీద వాళ్ళూ ఎవరి కిటికీలో వాళ్ళు నిలబడే పిల్లల చదువులూ, కోడళ్ళ నీళ్ళోసుకోవడాలూ మాట్లాడుకునేవారు. రహస్యం అన్నది ఆ వీధిలో ఉండేది కాదు. అయినా బతుకు ఎంత హాయిగా ఉండేదో.

ఆ కేకలన్నిటి మీదా వినిపించేది మామయ్య గొంతు. వీధి మొత్తానికి తాడు పని ఆయనదే. చక్రం దగ్గర ఇంకొకరు, కింద పక్క తాడుతో ఆయన. సరుకు గోడకి కొట్టుకోకుండా పక్కకి లాగి పట్టుకునేదే పక్క తాడు. చక్రం తిప్పేవాడికి వెనక నుంచి కిటికీలో ఆకాశం ముక్క తప్ప ఏమీ కనపడదు. సరుకు ఎక్కడుందో, గోడకి ఎంత దూరంలో ఉందో తెలిసేది పక్క తాడు వాడికే. అందుకే ఒక కట్టుబాటు ఉండేది. పక్క తాడు పట్టుకున్నవాడు "వదులు" అంటేనే చక్రం కదలాలి. వీధంతా అరిచినా, సరుకు సొంతదారుడు కాళ్ళమీద పడినా, ఇంకొకరి మాట మీద కదలకూడదు. ఇద్దరు కొడుకులకీ మీసాలు రాకముందే మామయ్య ఇది నేర్పాడు. ఆయన పోయాక చక్రం చిన్నోడిది, పక్క తాడు పెద్దవాడిది అయింది.

రెండో అంతస్తులో అద్దెకుండే పియానో టీచరమ్మ ఇల్లు ఖాళీ చేసిన రోజు వరకూ అలాగే సాగింది.

ఆ రోజు పెద్దకోడలు బజారుకి వెళ్ళింది. సంచీ మోసుకుంటూ తిరిగొచ్చేసరికి గట్టు మీద జనం. పియానో గోడకి గుద్దుకుని, బద్దలై, కాలవలో పడిపోయింది. టీచరమ్మ ఏడవను కూడా ఏడవకుండా నీళ్ళలోకి చూస్తూ కూర్చుంది. రోజూ సాయంత్రం ఆ పియానో వింటూనే వీధి అంతా వంటలు చేసుకునేది. మర్నాటి నుంచి ఆ వేళకి గిన్నెల చప్పుడు మాత్రం మిగిలింది. "నేను పిలవకుండానే వదిలేశాడు," అన్నాడు పెద్దకొడుకు అందరి ముందూ. "పిలుపు వినిపించింది," అన్నాడు చిన్నోడు. అంతే, ఆ తర్వాత ఆ ఇంట్లో అన్నదమ్ముల మధ్య ఇంకో మాట పుట్టలేదు.

పిలుపు లేకుండా చక్రం వదిలేవాడి చేతికి తన సామాను ఎవరిస్తారు? చిన్నోడి పని పోయింది. అవతలి గట్టు మీదికి మారిపోయి టూరిస్టుల పడవ నడపడం మొదలుపెట్టాడు. రోజూ మైకులో ఈ ఇల్లు ఏ కాలానిది, ఆ ఇల్లు ఏ వర్తకుడిది అని గొంతు పోయేలా చెప్పుకుంటూ వస్తాడు. పుట్టి పెరిగిన ఇంటి ముందుకి రాగానే మైకు మూగబోతుంది. ఆ ఇల్లు దాటాకే మళ్ళీ గొంతు లేస్తుంది. కొట్లో కూర్చుని గుండీలు ఏరుతూ పెద్దకోడలు ఆ నిశ్శబ్దాన్ని రోజూ వినేది. విని, తల దించుకుని ఏరుకుంటూ ఉండేది.

ఇప్పుడు ఆ మనిషి మెట్లెక్కి వచ్చాడు. తల నెరిసింది. గుమ్మంలో అన్నగారు ఎదురుపడితే ఇద్దరూ ఒకేసారి పక్కకి తప్పుకున్నారు. ఆ మెట్లమీద ఇద్దరు తప్పుకునే చోటెక్కడిది? కొంచెంసేపు ఒకరి ఊపిరి ఒకరికి తగిలేంత దగ్గరగా ఇరుక్కుని, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా విడిపోయారు. పెద్దకొడుకు కిందికి వెళ్ళిపోయాడు.

చిన్నోడు తల్లి నుదుటి మీద చెయ్యి వేశాడు. ఇంత ఆలస్యంగానా వచ్చేది అంది ఆవిడ. ఎవరూ పిలవలేదుగా అన్నాడు. తర్వాత మాటల్లేకుండా పని మొదలుపెట్టాడు. తాడు మొత్తం చేతుల మధ్య లాగి చూశాడు. దూలం మీద తట్టి చూశాడు. స్ట్రెచరు నాలుగు మూలలకీ ముడులు వేసి, ఒక్కో ముడి మీదా తన బరువు మోపి చూసుకున్నాడు. అంబులెన్సు వాళ్ళు పట్టీలతో అత్తయ్యని కదలకుండా బిగించారు. పక్క తాడు కొసని కిందికి జారవిడిచారు.

"వదినా, నువ్వు కిటికీ దగ్గర నిలబడు. చూస్తూ ఉండు. పిలవొద్దు."

"తెలుసయ్యా," అంది పెద్దకోడలు.

నలుగురూ పట్టి స్ట్రెచర్ని కిటికీ దాటించారు. చక్రం కిర్రుమంది, బరువు తాడు మీద పడింది, అత్తయ్య వీధి మీద గాలిలోకి వెళ్ళింది.

అప్పటికే రెండు గట్లూ నిండిపోయాయి. టూరిస్టులు కొందరు ఫోన్లు ఎత్తారు గానీ, పాత కాపురస్తులు ఒక్క చూపు చూసేసరికి దించేశారు. పడవలు ఆగిపోయాయి. తాళాలు పడ్డాయనుకున్న కిటికీలు కూడా తెరుచుకుని వాటిలో ముసలి తలలు కనిపించాయి. అంబులెన్సు పడవ రేవులో సిద్ధంగా ఉంది. కింద పెద్దకొడుకు కాళ్ళు ఎడంగా పెట్టి పక్క తాడు లాగి పట్టుకున్నాడు.

"బాగుందే," అంది అత్తయ్య గాలిలోంచి, కోడలికి వినిపించేలా. "వీధి సామానంతా ఇలాగే చూసుంటుంది కదూ మనల్ని."

కోడలికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

కింద నుంచి పిలుపు వచ్చింది.

"వదులు."

ఎన్నాళ్ళయింది ఆ మాట ఈ వీధిలో వినపడి. మామయ్య గొంతే అనుకుంది పెద్దకోడలు. ఎదురింటి కిటికీలో ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు.

చక్రం కదల్లేదు.

"వదులు," అన్నాడు పెద్దకొడుకు మళ్ళీ, ఈసారి గట్టిగా.

పెద్దకోడలు వెనక్కి తిరిగింది. చిన్నోడు చక్రం ఆకులు రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. చేతి నరాలు ఉబ్బి ఉన్నాయి. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"చేతులు రావడం లేదు వదినా."

"అదేంటయ్యా? కింద పిలుస్తున్నారుగా. అత్తయ్య కాలు..."

"తెలుసు. తెలిసే చస్తున్నాను." అతను కిటికీ వైపు తల తిప్పాడు. "తాడు అన్నయ్య చేతిలో ఉందా, గట్టు మీది కమ్మీకి కట్టి ఉందా? చూసి చెప్పు."

ఆవిడ వంగి చూసింది. పక్క తాడు ఆయన మణికట్టుకి చుట్టుకుని ఉంది. గట్టు కమ్మీ దూరంగా ఉంది, దానికి ఏమీ లేదు. చేతిలోనే ఉందని చెప్పింది. చెప్పాక గానీ ఆ ప్రశ్న ఆవిడ బుర్రకి ఎక్కలేదు. పక్క తాడు ఎవరైనా కమ్మీకి ఎందుకు కడతారు? చేత్తో పట్టుకోని పక్క తాడు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

"ఎందుకలా అడిగావు?"

చిన్నోడు చక్రం ఆకుల మీద పట్టు బిగించాడు.

"ఆ రోజు కట్టి ఉంది," అన్నాడు. "పియానో పడ్డాక కిందికి పరిగెత్తి చూశాను. కమ్మీకి కట్టి ఉంది. అన్నయ్య కొట్లోంచి బయటికొస్తున్నాడు."

పెద్దకోడలు కిటికీ చెక్క పట్టుకుంది. ఇన్నేళ్ళూ ఆవిడ నమ్మిందేమిటి, జరిగిందేమిటి. తను వండిన అన్నం తిని పెరిగిన మరిదిని, చేతిపట్టు లేనివాడని నలుగురూ అంటుంటే తల దించుకుని విన్నది తనే కదా.

కిటికీ బయటే వేలాడుతున్న అత్తయ్యకి ఆ మాటలు వినిపించనే వినిపించాయి. తాడు మెల్లగా ఇటూ అటూ తిరుగుతోంది.

"పెద్దోడా," అంది చివరికి. గొంతు చిన్నదే, కానీ వీధి అంత నిశ్శబ్దంగా ఉంది. "నేను నిన్ను కొట్టలేను, తిట్టే ఓపిక కూడా లేదు. ఆ రోజు తాడు నీ చేతిలో ఉందా?"

పెద్దకొడుకు తల ఎత్తి తల్లి వైపు చూశాడు. జనం వైపు చూశాడు. తాడు వదిలి వెళ్ళడానికి లేదు. ఆయన జీవితంలో కొట్లోకి తప్పుకోవడానికి వీల్లేని క్షణం అదొక్కటే వచ్చిందేమో. ఎన్నో విషయాల్ని మౌనంతోనే గడిపేసిన మనిషి. ఆ మౌనం ఇప్పుడు తల్లి కాలిని తినేస్తోందని ఆయనకీ తెలుసు.

"లేదమ్మా."

"గట్టిగా చెప్పు. పైన వాడికి వినిపించాలి."

"లేదు." ఈసారి రెండు గట్లకీ వినిపించింది. "కమ్మీకి కట్టేసి కొట్లోకి వెళ్ళాను. ఎవరో వస్తే వెళ్ళాను. లోపల నుంచే, చూడకుండా పిలిచాను. వాడు పిలుపు మీదే వదిలాడు. తప్పు నాది."

పైన చిన్నోడి కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారిపోతున్నాయి. చేతులు చక్రం మీద ఉన్నాయి, తుడుచుకోవడానికి లేదు. పెద్దకోడలు కొంగుతో తుడిచింది, చిన్నపిల్లాడికి తుడిచినట్టు.

"తమ్ముడూ," అని వినిపించింది కింద నుంచి. "తాడు నా చేతిలో ఉంది. వదులు."

చక్రం తిరిగింది.

అత్తయ్య అంగుళం అంగుళంగా దిగింది. టూరిస్టులున్న మూడో అంతస్తు దాటింది, ఒకప్పుడు టీచరమ్మ ఉన్న రెండో అంతస్తు కిటికీ ముందు ఒక్క క్షణం తల తిప్పి లోపలికి చూసింది. కింద "ఆపు" అంటే పైన ఆగింది, "వదులు" అంటే కదిలింది. ఆ రెండు గొంతులూ అలా ఒకదానికొకటి బదులు పలుకుతుంటే పాత వీధి మళ్ళీ లేచి వచ్చినట్టే ఉంది పెద్దకోడలికి. పడవలూ బుట్టలూ తిట్లూ అన్నీ ఇక్కడే ఎక్కడో ఉన్నాయనిపించింది. స్ట్రెచరు ఎక్కడా గోడకి తగల్లేదు. అంబులెన్సు వాళ్ళు అందుకుని పడవలోకి చేర్చారు.

పెద్దకోడలు ఒక్క ఉదుటున మెట్ల వైపు కదిలింది. గుమ్మం దగ్గర వెనక్కి చూస్తే చిన్నోడు చక్రానికి ఆనుకుని కింద కూర్చుండిపోయాడు.

"రావయ్యా. అమ్మ దగ్గరికి వెళ్దాం."

"నువ్వు వెళ్ళు వదినా."

"అయిపోయిందిగా. మీ అన్నయ్య అందరి ముందూ ఒప్పుకున్నారు. ఇంకేం కావాలి?"

అతను తలెత్తాడు. కోపం లేదు ఆ మొహంలో, అదే ఆవిడకి ఎక్కువ గుచ్చుకుంది.

"అన్నయ్య సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఇంట్లో ఏం పగిలినా ఆయన మాట్లాడకుండా కూర్చునేవాడు, దెబ్బలు నాకు పడేవి. దానికి నేనేం అనుకోలేదు. కానీ నువ్వు ఒక్కసారైనా అడుగుతావనుకున్నాను. అసలేం జరిగిందిరా అని. ఆ గట్టు మీద కూర్చుని, నువ్వు పిలుస్తావేమోనని ఈ కిటికీ వైపే చూసేవాణ్ణి."

ఒకే కాలవకి చెరో గట్టున ఇన్నేళ్ళు బతికి, ఒక్క ప్రశ్న అడగలేకపోయింది. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయపడిందా? ఆ సంగతి ఇప్పుడు తనని తాను అడుక్కోవడానికే భయంగా ఉంది.

కింద పడవ ఇంజను స్టార్టయింది. వస్తున్నావా అని భర్త పిలుస్తున్నాడు. రెండోసారి పిలిచాడు.

పెద్దకోడలు వెళ్ళలేదు. తిరిగి వచ్చి, మరిది ఎదురుగా నేల మీద చతికిలబడింది. ఇందాకటి నుంచీ ఒక మాట చెవిలో జోరీగలా తిరుగుతోంది. ఎవరో వస్తే వెళ్ళానన్నాడు ఆయన. ఆ రోజుల్లో ఈ వీధిలో 'ఎవరో' అనేవాళ్ళు లేరు. గుండీ కొనడానికి వచ్చిన ప్రతి మనిషి పేరూ, ఇంటిపేరూ, బావగారి పేరూ ఆయనకి తెలుసు.

"ఇప్పుడు అడుగుతున్నాను," అంది. "కొట్లోకి ఎవరొచ్చారు?"

పడవ కదిలిన చప్పుడు వినిపించింది. అది వంతెన కింద నుంచి దాటి దూరమయ్యేదాకా చిన్నోడు కిటికీ వైపే చూస్తూ ఉన్నాడు.

"చూశాను. చెబితే," అన్నాడు, "రేపు పొద్దున్న మళ్ళీ ఆ కొట్లో ఆయన పక్కన కూర్చోగలవా వదినా?"